నేల మీదే తేలే ఎత్తు

1979లో పదిహేనేళ్ల సెర్గీ బూబ్కా సొంత ఊరు వోరోషిలోవ్‌గ్రాడ్ వదిలి, కోచ్ విటాలీ పెట్రోవ్ వెంట దొనెత్స్క్ చేరాడు. రెండూ ఉక్రెయిన్‌లో బొగ్గు గనుల ప్రాంతపు ఊళ్లే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1983లో హెల్సింకీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో, బయటి దేశాల వాళ్లు పెద్దగా పేరు వినని ఆ కుర్రాడు పోల్‌వాల్ట్‌లో 5.70 మీటర్లు దూకి స్వర్ణం పట్టుకుపోయాడు. 1985 జులై 13న పారిస్‌లో 6 మీటర్లు దాటిన తొలి మనిషి అయ్యాడు. ఆరుబయట 17, ఇండోర్‌లో 18, మొత్తం 35 ప్రపంచ రికార్డులు. వరసగా ఆరు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు. 1994లో ఇటలీ కొండల్లోని సెస్త్రియేర్‌లో దూకిన 6.14 మీటర్లను ఆరుబయట మరొకరు దాటడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

ఇంత ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందా అని చాలామంది అతని పోల్ వంక చూశారు. ఎంత గట్టిది, ఎంత వంగుతోంది, ఎంత ఎత్తున పట్టుకుంటున్నాడు అని కొలిచారు. పెట్రోవ్ మాత్రం తన పద్ధతిని దాచిపెట్టుకోలేదు. కోచ్‌ల సమావేశాల్లో, తన దగ్గరికి వచ్చిన విదేశీ శిష్యుల ముందు, విప్పి చెబుతూనే వచ్చాడు. ఎత్తు తయారయ్యేది గాల్లో కాదని, పరుగులోనూ, పాదం నేలను విడిచే ఆ క్షణంలోనూ అని ఆయన పాఠం. ఆ క్షణం తర్వాత జరిగేదంతా అప్పటికే కూడగట్టిన శక్తిని వృథా కాకుండా పైకి తీసుకుపోవడమే. అందుకే ఈ సంప్రదాయంలో సాధన రోజుల్లో ఎక్కువ భాగం బార్ కనిపించదు. పోల్ భుజాన వేసుకుని నడవడం, నాలుగడుగుల పరుగుతో ఇసుకలోకి దూకడం, ఇనుప కడ్డీకి వేలాడి ఊగడం వంటివే కనిపిస్తాయి. చూడవచ్చిన వాళ్లకు ఇందులో పోల్‌వాల్ట్ ఎక్కడుందో అర్థం కాదు. నా లెక్కలో పోల్‌వాల్ట్ అంతా అక్కడే ఉంది.

హైస్కూలు భౌతికశాస్త్రంతోనే దీన్ని సరిచూడొచ్చు. పరుగులో ఉన్న శక్తి యావత్తూ ఎత్తుగా మారిందనుకుందాం. సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చిన మనిషి శరీర భారకేంద్రం 4.13 మీటర్లు పైకి లేస్తుంది. 10 మీటర్ల వేగంతో వస్తే 5.10 మీటర్లు లేస్తుంది. నిలబడి ఉన్నప్పుడే భారకేంద్రం నేలకు మీటరు ఎత్తున ఉంటుంది కనుక అది కూడా కలుస్తుంది. చేతుల బలంతో, ఊపుతో జోడించుకునేది కొంత ఉన్నా పెద్ద వాటా పరుగుదే. సెకనుకు ఒక్క మీటరు వేగం పెరిగితే దాదాపు మీటరు ఎత్తు చేతికొస్తుంది. 2025 సెప్టెంబరులో టోక్యోలో 6.30 మీటర్లు దూకిన స్వీడన్ ఆటగాడు అర్మాండ్ డుప్లాంటిస్, అంతకు ముందు ఏడాది జ్యూరిక్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ప్రపంచ రికార్డు వీరుడు కార్‌స్టెన్ వార్‌హోమ్‌తో 100 మీటర్లు పందెం పరుగెత్తి 10.37 సెకన్లలో గెలిచాడు. అతని ఎత్తుకు కారణం అడిగేవాళ్లకు ఆ పందెం సగం జవాబు. మిగతా సగం, అంత వేగాన్ని చేతిలో పోల్‌తో కూడా నిలుపుకోవడం, నిలుపుకున్నదాన్ని టేకాఫ్ దగ్గర పారబోసుకోకపోవడం.

ఈ ఆట నడిచి వచ్చిన దారిని కాస్త తలచుకుంటే పెట్రోవ్ మాట ఇంకా తేటపడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని అల్వర్‌స్టన్ వాళ్లు బరువైన చెక్క కర్రను నేలలో దిగేసి, అది నిలువుగా నిలిచిన క్షణంలో చేతులు మార్చుకుంటూ దాని మీదకు పాకి బార్ దాటేవారు. నేల విడిచాక కింది చేతిని పై చేతి మీదికి తీసుకురాకూడదన్న నేటి నిబంధన ఆ పాకుడును ఆపడానికే. ఆ తర్వాత వెదురు వచ్చింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో రజత, కాంస్యాలు గెలిచిన జపాన్ మిత్రులు నిషిదా, ఓయె తమ పతకాలను చెరి సగం కోయించి అతికించుకున్న కథ వెదురు కాలం నాటిదే. అమెరికా వాడు కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురుతోనే 4.77 మీటర్లు దూకాడు. తర్వాత లోహపు పోల్‌లు వచ్చాయి, 1960ల మొదట్లో గాజునార (ఫైబర్‌గ్లాస్) పోల్‌లు నిలదొక్కుకున్నాయి. 1964 టోక్యోలో ఫ్రెడ్ హాన్సెన్ గాజునార పోల్‌తో 5.10 మీటర్లు దూకి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు.

గాజునార పోల్ వంగుతుంది. వంగినప్పుడు పట్టుకున్న చెయ్యికీ కింది కొనకీ మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి పోల్ నిలువుగా లేవడం తేలికవుతుంది. అందువల్ల ఇంకా పైన పట్టుకోవచ్చు. దాని మేలంతా ఇదే. కానీ కళ్లను కట్టిపడేసేది ఆ వంపు కనుక చాలామంది కోచ్‌లు, అంతకంటే ఎక్కువమంది పిల్లలు, పోల్‌ను వంచడమే పని అనుకున్నారు. కింది చేతిని కర్రలా బిగించి, పోల్‌ను తోసి తోసి వంచడం నేర్చుకున్నారు. పెట్రోవ్ వెనక్కి తిరిగి, గట్టి పోల్‌తో దూకిన పాత తరాన్ని, ముఖ్యంగా వార్మర్‌డామ్‌ను చదువుకున్నాడు. వంగని కర్రతో దూకేవాడికి ఒకటే దారి: వేగంగా వచ్చి, చేతులు నిండా పైకి చాచి, గట్టిగా ఎగరాలి. వంగే పోల్‌తోనూ అలాగే ఎగిరితే వంపు దానంతటదే వస్తుంది. ఈ ఒక్క మాట మీద ఆయన సాధన మొత్తం నిలబడింది.

మొదటి పాఠం పోల్‌తో నడక. కుడిచేతి వాటం వాళ్లకు కుడి చెయ్యి పోల్ వెనక కొన వైపు, తుంటి పక్కన ఉంటుంది. ఎడమ చెయ్యి భుజాల వెడల్పంత ముందు, ఛాతీ దగ్గర ఉంటుంది. పోల్ ముందు కొన ఆకాశం వైపు, ఇంచుమించు నిలువుగా లేచి ఉంటుంది. పోల్ బరువు రెండు మూడు కిలోలకు మించకపోవచ్చు. కానీ అయిదు మీటర్ల పొడవునా అడ్డంగా చాచి పట్టుకుంటే, ఆ దూరపు కొన చేతులను, నడుమును కిందికి లాగేస్తుంది. అప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతుంది, మోకాళ్లు లేవవు, వేగం చచ్చిపోతుంది. కొనను పైన నిలిపి ఉంచితే బరువు తెలియదు. పరుగు సాగుతున్నకొద్దీ కొనను మెల్లగా దిగనివ్వాలి. దాన్ని దించకూడదు, దిగనివ్వాలి. చివరి ఆరడుగుల్లో అది తన బరువుతో తానే వేగంగా వాలుతుంది. ఆ వాలుతో పాటు కాళ్లు కూడా వడి అందుకుంటాయి. కాళ్ల లయా పోల్ వాలూ ఒకటై నడవాలి. ఇది మాటల్లో చెబితే వచ్చేది కాదు. అందుకే మొదట నడక, తర్వాత మోకాళ్లు ఎత్తి గెంతుతూ నడక, ఆ మీదట మెల్లని పరుగు, చివరికి నిండు పరుగు. రన్‌వే చివర నేలలో అమర్చిన పెట్టెలోకి పోల్‌ను గుచ్చే పని ఏమీ లేకుండా, ట్రాక్ మీద ఊరికే పోల్ పట్టుకుని 30, 40 మీటర్లు పరుగెత్తి ఆగిపోవడం. కొందరు కోచ్‌లు ఈ పరుగులకు కొంచెం బరువెక్కువ ఉన్న పోల్ ఇస్తారు. పోటీ రోజున అసలు పోల్ చేతికొస్తే తేలిగ్గా ఆడుతుంది.

రెండోది ప్లాంట్, అంటే పోల్‌ను తుంటి దగ్గర నుంచి తల మీదికి ఎత్తే పని. పోటీలో ఇది చివరి రెండడుగుల్లో అయిపోతుంది. సెకనులో సగం కూడా ఉండదు. అందుకే నడుస్తూ నేర్చుకుంటారు. చివరి మూడు పాదాలు లెక్కపెట్టుకుంటూ, ఎడమ పాదానికి కుడి చెయ్యి తుంటి నుంచి కదలాలి. కుడి పాదానికి చెవి పక్కకు రావాలి. మళ్లీ ఎడమ పాదం పడేసరికి రెండు చేతులూ తలపైన పూర్తిగా చాచి ఉండాలి. తుంటి, చెవి, పైకి. మంచి శిక్షణ శిబిరాల్లో పిల్లలు దీన్ని వార్మప్‌లోనే పదే పదే చేస్తారు. ఒలింపిక్ స్థాయి వాళ్లూ చేస్తారు. ప్లాంట్ ఆలస్యమైతే ఎంత వేగం ఉన్నా వ్యర్థమే. చేతులు ఇంకా ముఖం ముందు ఉండగానే పోల్ కొన పెట్టెకు కొట్టుకుంటుంది, ఆ దెబ్బ భుజాలకూ నడుముకూ తగులుతుంది. పోల్‌వాల్టర్ల నడుం నొప్పుల వెనక ఈ ఆలస్యాన్ని చాలాసార్లు చూడవచ్చు.

ఇక అసలు గుట్టు టేకాఫ్. పాదం ఎక్కడ పడాలి? పైన చాచిన కుడి చేతి నుంచి దారం కట్టి గుండు వేలాడదీస్తే అది ఎడమ పాదం వేళ్ల మీద పడాలి. పాదం దానికి ముందుకు, అంటే పెట్టె వైపుకు జరిగిపోతే టేకాఫ్ "కిందికి పోయింది" అంటారు కోచ్‌లు. ఒళ్లు ఇంకా నేల మీద ఉండగానే పోల్ అడ్డం తగిలి, మనిషిని వెనక్కి లాగేస్తుంది. పెట్రోవ్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లాడు. పోల్ కొన పెట్టె వెనక గోడకు గట్టిగా ఆనకముందే పాదం నేల విడిచిపెట్టాలి అన్నాడు. అంటే ఆ లిప్త కాలం పాటు వాల్టర్ ఏ అడ్డూ లేకుండా స్వేచ్ఛగా గాల్లోకి ఎగిరి ఉంటాడు, పోల్ ఇంకా తిన్నగానే ఉంటుంది. వంగడం ఆ తర్వాతే మొదలవుతుంది. మన పల్లెల్లో మర్రి ఊడ పట్టుకుని చెరువులోకి దూకే పిల్లలకు ఇది ఎవరూ నేర్పకుండానే తెలుసు. పరుగెత్తుకొచ్చి, ఊడ బిగుసుకోకముందే గట్టు మీంచి ఎగురుతారు. ఊడ బిగిసేదాకా గట్టు మీదే కాలూని ఉన్నవాడు ఊగడు, జారి కింద పడతాడు.

ఈ స్వేచ్ఛా టేకాఫ్‌ను పెద్ద పరుగుతో నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. ఇసుకలో నేర్చుకుంటారు. లాంగ్‌జంప్ పిట్ అంచున నిలబడి పోల్‌ను నిలువుగా పెట్టి, కుడి చెయ్యి పైకి చాచినంత ఎత్తును చూసుకుని, దానికి జానెడు పైన పట్టుకోవాలి. పోల్ వంగదు, వంగకూడదు. నాలుగడుగుల పరుగు, ప్లాంట్, ఎగురుడు. కుడి మోకాలు ముందుకు లేస్తుంది, ఎడమ కాలు పొడవుగా వెనక ఉంటుంది, ఛాతీ ముందుకు చొచ్చుకు వెళుతుంది. పోల్ నిలువై అవతలికి వాలుతుంది. వాల్టర్ పోల్‌కు ఒక పక్కన వేలాడుతూ వెళ్లి రెండు పాదాల మీద ఇసుకలో దిగుతాడు. తలకిందులయ్యే పని ఏమీ లేదు. అది నిలకడగా వచ్చాక పట్టు బెత్తెడు పైకి. అదీ వచ్చాక ఇంకో బెత్తెడు. ఎగరడం బాగుంటేనే పోల్ నిలువవుతుంది, లేకపోతే వాల్టర్ పరుగెత్తుకొచ్చిన వైపుకే వెనక్కి పడిపోతాడు. ఇంత నిక్కచ్చిగా తప్పొప్పులు చెప్పే గురువు మరొకడు లేడు. గట్టి పోల్‌తో పట్టు ఎంత పైకి వెళ్లిందో, ఆ పిల్లవాడి టేకాఫ్ అంత మెరుగుపడిందన్నమాట. నన్నడిగితే మొదటి ఏడాదిలో బార్ ఎత్తు రాసుకోవడం మానేసి ఈ పట్టు ఎత్తునే నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

గాల్లోకి లేచాక చేయాల్సింది ఊపు. వెనక ఉన్న ఎడమ కాలు పొడవుగా, దాదాపు తిన్నగా కిందుగా ఊడ్చుకుంటూ ముందుకు రావాలి. మోకాలు ముందే ముడిచేస్తే ఒళ్లు చటుక్కున తిరుగుతుంది గానీ పోల్‌లోకి వెళ్లాల్సిన ఊపు తగ్గిపోతుంది. పొడవైన కాలు విసురు పోల్‌ను ఇంకా నొక్కుతుంది, నొక్కిన పోల్ తర్వాత ఆ శక్తిని తిరిగి ఇస్తుంది. టేకాఫ్ నుంచి బార్ దాకా పోల్‌లోకి శక్తి పంపడం ఎక్కడా ఆగకూడదని పెట్రోవ్ సంప్రదాయం వాళ్లు పట్టుబడతారు. వంగిన పోల్ మీద ఆగి, అది విసిరేదాకా ఎదురుచూసే వాల్టర్లకు వాళ్ల దగ్గర మంచి మార్కులు పడవు.

ఊపు నేర్చుకునేది జిమ్నాస్టిక్స్ హాల్లో. ఎత్తైన ఇనుప కడ్డీకి రెండు చేతులతో వేలాడి, ఒక కాలు వెనక్కి చాచి, ఊడ్చుకుంటూ ముందుకు తెచ్చి, నడుము కడ్డీని తాకేదాకా పైకి లేపి, కాళ్లు ఆకాశం వైపు నిలపడం. చేతులు మడవకూడదు. ప్రపంచమంతటా కోచ్‌లు ఈ కసరత్తును బూబ్కా పేరుతోనే పిలుస్తారు. అతని భుజాల, కడుపు బలం అంత పేరు మోసింది. కడ్డీ లేని చోట పైనుంచి వేలాడే తాడు చాలు. నాలుగడుగులు పరుగెత్తి తాడు పట్టుకుని, కాళ్లు తలపైకి వచ్చేలా ఊగి, అవతల మెత్తల మీద దిగడం. దీంతో తలకిందులు కావడం మీద భయం పోతుంది, దిక్కులు తెలుస్తాయి. మెత్తల మీద వెనక్కి దొర్లి, చేతులు మడవకుండా తోసుకుని, తలకిందులుగా నిలబడే కసరత్తు బార్ మీద తిరిగే కదలికకు అచ్చమైన నకలు. వోల్గోగ్రాడ్‌లో పదిహేనేళ్ల దాకా జిమ్నాస్ట్‌గా పెరిగిన యెలెనా ఇసిన్బయేవా ఆ తర్వాతే పోల్ పట్టింది. మొదటి కోచ్ యెవ్గెనీ ట్రోఫిమోవ్ దగ్గరే 2005లో లండన్‌లో 5 మీటర్లు దాటిన తొలి మహిళ అయింది. ఆ ఏడాది చివర్లో ఇటలీలోని ఫోర్మియాకు, పెట్రోవ్ దగ్గరికి వెళ్లింది. అప్పటికే ప్రపంచ చాంపియన్ అయిన అమ్మాయి మళ్లీ పరుగు నుంచి, పోల్ వాలు నుంచి మొదలుపెట్టింది. 2009లో జ్యూరిక్‌లో ఆమె దూకిన 5.06 మీటర్లు ఆ సాధన ఫలం.

తలకిందులయ్యే కసరత్తులకు మాత్రం ఒక హెచ్చరిక కావాలి. 1963 జూన్‌లో 5.08 మీటర్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థి బ్రయన్ స్టెర్న్‌బర్గ్, కొన్ని వారాలకే ట్రాంపొలిన్ మీద సాధన చేస్తూ మెడ మీద పడ్డాడు. మళ్లీ నడవలేదు. అతను అనుభవం ఉన్న జిమ్నాస్టే. కాబట్టి పక్కన పట్టుకునే మనిషి, కింద చాలినంత మెత్త లేకుండా ఎవరూ, ఎంత నేర్పరి అయినా, ఈ భాగాన్ని ముట్టుకోకూడదు.

విడివిడిగా నేర్చుకున్నవన్నీ అతికేది చిన్న పరుగులో. పోటీలో పెద్దవాళ్లు 18 నుంచి 20 అడుగులు పరుగెత్తుతారు. సాధనలో ఆరు, ఎనిమిది, పది అడుగులే ఎక్కువ. చిన్న పరుగులో వేగం తక్కువ కనుక మెత్తని పోల్, కింది పట్టు సరిపోతాయి, దూకిన ప్రతిసారీ ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది, ఒళ్లు అలిసిపోదు. ఒక సాయంత్రం నిండు పరుగుతో పది దూకడమే కష్టం. ఆరడుగులతో ముప్పై దూకవచ్చు. సంఖ్య కంటే వాటి స్వభావం ముఖ్యం. ఒక్కో విడతకు ఒక్క పనే. ఈ అయిదుసార్లూ చేతులు సకాలంలో పైకి వచ్చాయా అన్నదే. కాలు ఊపు గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఒకే దూకుడులో నాలుగు తప్పులు సరిచేయబోయే కోచ్ ఆ పిల్లవాణ్ని నాలుగు రకాలుగా అయోమయంలో పడేస్తాడు. బార్ బదులు సాగే రబ్బరు తాడు కడితే తగిలినా దెబ్బ ఉండదు, పడిపోయిన బార్‌ను మళ్లీ మళ్లీ ఎక్కించే పనీ తప్పుతుంది.

రన్‌వే పక్కన రెండు గుర్తులు తప్పనిసరి. ఒకటి పరుగు మొదలుపెట్టే చోటు. రెండోది టేకాఫ్‌కు ఆరడుగుల ముందు, కోచ్ కోసం. ఈ రెండో గుర్తు దగ్గర పాదం ఎప్పుడూ ఒకే చోట పడుతుంటే పరుగు నిలకడగా ఉన్నట్టు. అక్కడ సరిగ్గా పడి, టేకాఫ్ మాత్రం కిందికి పోతోందంటే, చివరి అడుగులు సాగదీస్తున్నాడని అర్థం. దానికి మందు ఒకటి. గుర్తు దగ్గరే తేడా వస్తే మొదటి అడుగుల్లో తప్పుంది. దానికి మందు వేరే. ఇదివరకు దీనికి చూపు బాగా పదునెక్కిన కోచ్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు టేకాఫ్ చోటుకు సూటిగా, పక్కనుంచి ఫోన్ నిలబెట్టి వీడియో తీస్తే, చేతి కింద పాదం ఉందో లేదో పదో తరగతి పిల్లకూ తెలుస్తుంది. ఆటకు ఇటీవలి కాలంలో ఒనగూడిన గొప్ప సదుపాయాల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను.

చిన్న పరుగుకు ఇంకో విలువ ఉంది. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ హుకర్ 2008 బీజింగ్‌లో 5.96 మీటర్లతో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది బెర్లిన్ ప్రపంచ పోటీల ఫైనల్లో, తొడ కండరం గాయంతో, రెండే రెండు సార్లు పరుగెత్తి 5.90 దాటి గెలిచాడు. అలాంటి గుండె ధైర్యం ఉన్నవాడు 2012 లండన్ ఒలింపిక్స్ ముందు పోల్ పట్టుకుని పరుగెత్తి, ఎగరలేక మధ్యలోనే ఆగిపోవడం మొదలుపెట్టాడు. ఒళ్లు బాగుంది, మనసు వదలడం లేదు. ఈ స్థితి పోల్‌వాల్టర్లకు బాగా పరిచితం. దీనికి తిట్టడం, ధైర్యం చెప్పడం పెద్దగా పనిచేయవు. మళ్లీ భయం లేని చోటికి, అంటే నాలుగు, ఆరడుగుల పరుగుకు తీసుకెళ్లి, అక్కడి నుంచి రెండేసి అడుగులు కలుపుకుంటూ రావడమే దారి. కింది మెట్లు గట్టిగా కట్టుకున్నవాడికి దిగడానికి చోటుంటుంది. నేరుగా పెద్ద పరుగుతో మొదలుపెట్టినవాడికి దిగే మెట్టే ఉండదు.

హుకర్ కోచ్ అలెక్స్ పార్నోవ్ రష్యా నుంచి వచ్చి పెర్త్‌లో స్థిరపడినవాడు. అదే పార్నోవ్ దగ్గర తయారై 2005లో పెర్త్‌లో 6 మీటర్లు దూకిన పాల్ బర్గెస్ తర్వాత కోచ్ అయ్యాడు. ఆయన శిష్యురాలు నీనా కెన్నడీ 2024 పారిస్‌లో 4.90 మీటర్లతో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. పెట్రోవ్ స్వయంగా ఫోర్మియాలో తీర్చిదిద్దిన బ్రెజిల్ కుర్రాడు థియాగో బ్రాజ్ 2016లో సొంత దేశపు రియో మైదానంలో 6.03 మీటర్లు దూకి స్వర్ణం అందుకున్నాడు. ఈ విద్య పుస్తకాల్లోనూ ఉంది గానీ, ప్రయాణించింది మాత్రం ఒక మనిషి పక్కన ఇంకో మనిషి నిలబడి పోల్‌తో నడవడం ద్వారానే. అమెరికాలోని లూసియానాలో డుప్లాంటిస్ ఇంటి పెరట్లో తండ్రి గ్రెగ్, తానూ 5.80 మీటర్లు దూకిన వాల్టర్, పిల్లల కోసం రన్‌వే, పిట్ కట్టాడు. చిన్నప్పటి నుంచి ఆ పెరట్లో వందలూ వేలుగా చేసిన చిన్న పరుగుల దూకుళ్లే అర్మాండ్ టేకాఫ్‌లో ఇవాళ కనిపించే అలవోకతనం.

ఇదొక్కటే మార్గమని చెబితే అన్యాయం అవుతుంది. ఫ్రాన్స్‌కు తనదైన గొప్ప పోల్‌వాల్ట్ పరంపర ఉంది. 1984లో కినోన్, 1996లో గాల్ఫియోన్, 2012లో లావిల్లెనీ ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చారు. రెనో లావిల్లెనీ పొడగరి కాడు, అతని టేకాఫ్ పెట్రోవ్ పాఠానికి సరిపోదు. అయినా 2014 ఫిబ్రవరి 15న, బూబ్కా సొంత కోట అయిన దొనెత్స్క్‌లోనే, బూబ్కా చూస్తుండగా 6.16 మీటర్లు దూకి అతని ఇండోర్ రికార్డును దాటేశాడు. అసాధారణమైన వేగం, ఊపు, గుండె నిబ్బరం ఉన్నవాడికి లోపాలున్నా ఎత్తు వస్తుంది. కానీ నేర్పే మనిషి అసాధారణుల కోసం పాఠం రాయలేడు. వచ్చిన ప్రతి పిల్లా పదేళ్ల పాటు నడుమూ భుజాలూ చెడిపోకుండా ఎదగాలంటే, స్వేచ్ఛా టేకాఫ్ నేర్పడమే మేలని నా గట్టి నమ్మకం.

మన దేశంలో ఈ ఆట ఇప్పుడిప్పుడే కదులుతోంది. 2022లో గుజరాత్ జాతీయ క్రీడల్లో శివ సుబ్రమణియం 5.31 మీటర్లు దూకాడు. అదే ఏడాది రోజీ మీనా పాల్‌రాజ్ మహిళల్లో 4.21 దాటింది. 2025 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ జాతీయ క్రీడల్లో మధ్యప్రదేశ్ కుర్రాడు దేవ్ మీనా 5.32తో పురుషుల రికార్డును ఒక సెంటీమీటరు పైకి జరిపాడు. ప్రపంచ స్థాయికీ మనకూ మధ్య దూరం చాలానే ఉంది, దానికి కారణాలూ తెలిసినవే. మంచి పోల్‌లు విదేశాల నుంచి రావాలి, ఖరీదైనవి. ఒక వాల్టర్‌కు ఒక్కటి చాలదు. ప్రతి పోల్ మీద పొడవు, అది మోయగల శరీర బరువు రాసి ఉంటాయి. రెండు కొనల దగ్గర ఆనించి మధ్యలో తూకపు గుండు వేలాడదీసి, ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలిచిన అంకె కూడా ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే పోల్ అంత గట్టిది. ఎదిగే కుర్రాడు ఏడాదిలో మూడు నాలుగు పోల్‌లు మారతాడు. ఇక అయిదు మీటర్ల పోల్‌ను రైల్లో ఎక్కించడం ఎంత తంటాయో ఆ పిల్లలకే తెలుసు. పెద్ద పోటీల్లో దూకి దిగే మెత్తల పిట్ కనీసం 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల మందం ఉండాలి. అలాంటిది మన జిల్లా మైదానాల్లో దొరకడమే అరుదు.

అయినా, పైన చెప్పిన సాధనలో ఎంత భాగానికి ఆ పిట్ కావాలి? పోల్‌తో నడక, పరుగు, మూడు పాదాల ప్లాంట్, ఇసుకలో గట్టి పోల్ దూకుడు, కడ్డీ, తాడు, దొర్లుడు వీటిలో దేనికీ అక్కర్లేదు. లాంగ్‌జంప్ ఇసుక పిట్ ఉన్న ప్రతి హైస్కూల్లోనూ పీఈటీ మాస్టారు రేపే మొదలుపెట్టవచ్చు. ఇసుకను రోజూ లోతుగా తవ్వి వదులు చేయాలి. రాయీ రప్పా ఏరించాలి. పిల్లల బరువుకు మించిన బరువు రాసి ఉన్న పాత గాజునార పోల్ ఏ స్టేడియంలోనైనా వాడకుండా పడి ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు. ఇక్కడ పోల్ వంగనక్కర్లేదు కనుక గట్టిదైతేనే మేలు. పగుళ్లు, గీతలు ఉన్నాయేమో వేలితో తడిమి చూసి, అనుమానం ఉన్నదాన్ని పక్కన పడేయాలి. వెదురు వాడదలిస్తే బాగా పండి ఎండిన బొంగును ఎంచి, కణుపుల మధ్య గట్టిగా టేపు చుట్టాలి. వెదురుతో మాత్రం పట్టు పిల్లవాడు చెయ్యి చాచిన ఎత్తును మించనీయకూడదు.

ఏడెనిమిదో తరగతి పిల్లలకు మొదటి రెండు నెలలు వారానికి మూడు సాయంత్రాలు చాలు. సగం సమయం పరుగుకు, హర్డిల్స్‌కు పోవాలి. మిగతాది పోల్‌తో నడకకు, ఇసుకకు, కడ్డీకి. ఎవరు సిద్ధమయ్యారో గుర్తుపట్టడానికి మూడు సంగతులు చూసుకోవచ్చు. పోల్‌తో పరుగెత్తినప్పుడు మోకాళ్లు పోల్ లేనప్పుడు లేచినంత ఎత్తే లేవాలి. చివరి అడుగుకు చేతులు పైన ఉండాలి, చెప్పకుండానే. ఇసుకలో వరసగా పదిసార్లు దూకితే పదిసార్లూ పోల్ నిలువు దాటి అవతలికి వాలాలి, దిగేది రెండు పాదాల మీదే కావాలి. అప్పుడు ఆ పిల్లల్ని సరైన పిట్ ఉన్న దగ్గరి స్టేడియానికి తీసుకెళ్లి, అక్కడి కోచ్ ఎదుట, ఆరడుగుల పరుగుతో, బార్ పెట్టకుండా దూకించాలి.